చిన్న ట్రాక్టరు లిఫ్టు బలము తగ్గినపుడు: లోపము కనుగొను విధము

దుక్కి అదనులో ట్రాక్టరు లిఫ్టు మొరాయించినచో రైతునకు కలుగు నష్టము మరమ్మతు ఖర్చుతో పోదు. నేలలోని పదును ఆరిపోవును. నారు ముదురును. పిలిచిన కూలీలు వేరొక పొలమునకు వెడలిపోవుదురు. ఆ తొందరలో మెకానిక్కును పిలిచినచో, "పంపు పోయినది" అను మాట ముందుగా వినవచ్చును. కొత్త పంపు తెచ్చి బిగింతురు. రెండు దినములు గడచునప్పటికి లిఫ్టు మరల మునుపటివలెనే నీరసించును. తీరా చూడగా లోపము పంపులో లేదు. ఆయిలు పీల్చు జల్లెడ మడ్డితో మూసికొనిపోయి యుండును. లేదా పిస్టను మీది రబ్బరు రింగు తెగి యుండును.

లిఫ్టు బలము తగ్గుటకు కారణములు అనేకము కలవు. అయినను వానిని ఒకదానినుండి మరొకటి వేరుచేసి తెలిసికొనుట రైతుకు అసాధ్యమైన పని కాదు. విప్పుటకు ముందు పరీక్షింపవలెను. పరీక్షలలోను ఖర్చు లేనిదానిని, సులువైనదానిని ముందు చేయవలెను. ఆ వరుసను ఈ వ్యాసములో వివరింతుము.

లిఫ్టు ఎట్లు పనిచేయును?

ట్రాక్టరు వెనుక మూడు కడ్డీలకు పనిముట్టును తగిలించి, ఆయిలు ఒత్తిడితో దానిని ఎత్తి దించు పద్ధతిని వ్యాప్తికి తెచ్చినవాడు ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గుసన్. ఈ పద్ధతి గల ఫెర్గుసన్ ట్రాక్టరు 1936లో ఇంగ్లండులో అమ్మకమునకు వచ్చెను. 1939లో ఆయన హెన్రీ ఫోర్డుతో కలిసి అమెరికాలో దానిని మరింత పెద్ద ఎత్తున ప్రవేశపెట్టెను. నేడు మన తోటలలో తిరుగు చిన్న ట్రాక్టర్లకును మూలసూత్రము అదియే.

దీనిని అర్థము చేసికొనుటకు మన బావి మీది పంపుసెట్టును తలచుకొన్న చాలును. బావికి బదులు ఇక్కడ ఆయిలు నిలువయుండు పెట్టె కలదు. పెక్కు ట్రాక్టర్లలో గేరుపెట్టెయే ఆ పని చేయును. ఫుట్ వాల్వు మీది జాలీకి బదులు ఆయిలు జల్లెడ కలదు. ఇంజను త్రిప్పు రెండు పండ్లచక్రముల పంపు ఆయిలును పీల్చి ముందునకు నెట్టును. గేటువాల్వు వంటి కంట్రోలు వాల్వు, మీట కదలికను బట్టి, ఆ ఆయిలును సిలిండరులోనికి పంపును. సిలిండరులోని పిస్టను ముందుకు జరిగి లిఫ్టు చేతులను పైకెత్తును. ఎత్తిన తరువాత ఆయిలు వెనుకకు రాకుండ ఒక చిన్న వాల్వు మూసికొనును. ఫుట్ వాల్వులోని తోలుబిళ్ళ నీటిని నిలిపినట్లే ఇది ఆయిలును నిలుపును. బరువు మితిమీరినచో ఒత్తిడిని విడిచిపుచ్చుటకు రిలీఫు వాల్వు కలదు. వంటయింటి కుక్కరు మీది బరువు చేయు పనియే అది చేయును.

ఇక ఒక చిన్న లెక్క. సిలిండరు అడ్డుకొలత 8 సెంటీమీటర్లు అనుకొందము. పిస్టను వైశాల్యము సుమారు 50 చదరపు సెంటీమీటర్లగును. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి వచ్చినచో పిస్టను మీద 7,500 కిలోల బలము పడును. ఈ బలము పొట్టి మీటనుండి పొడవైన లిఫ్టు చేతుల చివరకు చేరునప్పటికి చాలవరకు తగ్గును. తగ్గినమేరకు ఎత్తు లభించును.

పిస్టను 10 సెంటీమీటర్లు జరుగుటకు 500 ఘన సెంటీమీటర్ల ఆయిలు, అనగా అర లీటరు కావలెను. పంపు నిమిషమునకు 15 లీటర్లు ఇచ్చినచో ఆ పని 2 సెకండ్లలో ముగియును. సగము ఆయిలు దారిలో కారిపోయినచో 4 సెకండ్లు పట్టును.

దీనినిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. లిఫ్టు లేచు వేగము చేరు ఆయిలు పరిమాణమును బట్టి యుండును. లిఫ్టు ఎత్తగల బరువు ఆయిలు ఒత్తిడిని బట్టి యుండును.

ముందుగా బరువు సంగతి

లిఫ్టు నిజముగా బలహీనపడినదా, లేక మనమే దానిపై మోయరాని బరువు పెట్టితిమా అనునది మొదటి ప్రశ్న. 20 నుండి 28 అశ్వశక్తుల చిన్న ట్రాక్టర్లలో చాలవాటి లిఫ్టు సామర్థ్యము 700, 800 కిలోల పరిసరములలో నుండును. కాని సాధారణముగ ఈ అంకె క్రింది కడ్డీల చివర, పనిముట్టు తగులు చోట ఎత్తగల బరువు. పనిముట్టు బరువంతయు అక్కడనే యుండదు. కొంత వెనుకకు వ్రేలాడుచుండును. వెనుకకు జరిగినకొలది లిఫ్టుకు శ్రమ హెచ్చును. నల్లరేగడిలో తడిమీద నడిపిన రోటావేటరుకు అంటుకొను మట్టియు బరువే. పెద్ద ట్రాక్టరుకు తయారైన రోటావేటరును చిన్న ట్రాక్టరుకు తగిలించి లిఫ్టును నిందించుట న్యాయము కాదు.

ఎత్తునపుడు ముందు చక్రములు నేల విడుచుచున్నచో అది లిఫ్టు బలహీనత కాదు. వెనుక బరువు హెచ్చినదని అర్థము. పనిముట్టును మార్చవలెను, లేదా ట్రాక్టరు ముందుభాగమున తగిన బరువులు కట్టవలెను.

లిఫ్టు కడ్డీని క్రింది కడ్డీకి తగిలించు చోట కొన్ని ట్రాక్టర్లలో రెండు రంధ్రములుండును. వెనుక రంధ్రములో తగిలించినచో బలము హెచ్చును, ఎత్తు తగ్గును. ముందు రంధ్రములో దీనికి విరుద్ధముగ జరుగును.

మీటలు, ఆయిలు

పొజిషను మీట, డ్రాఫ్టు మీట చేతిపుస్తకములో చెప్పిన స్థానములలో నున్నవో లేవో చూడవలెను. మీట ప్రక్కనుండు హద్దు మర జారినచో లిఫ్టు సగములోనే ఆగును. ట్రక్కును ఎత్తుటకు ఆయిలును మళ్ళించు పిడి గలచో, అది పూర్తిగా లిఫ్టు వైపునకే తిరిగియుండవలెను. సగము తిరిగిన పిడి లిఫ్టు బలమును దోచును.

తరువాత ఆయిలు మట్టము. ట్రాక్టరును చదునైన నేలమీద నిలిపి, పనిముట్టును దించి, ఇంజను ఆపి చూడవలెను. టిప్పరు ట్రక్కు గలవారు ట్రక్కును కూడ దించి చూడవలెను. ట్రక్కు సిలిండరు నిండియుండగా గొట్టము విప్పినచో, ఆ ఆయిలంతయు అందులోనే చిక్కిపోయి ట్రాక్టరులో మట్టము తగ్గిపోవును.

మట్టముతోపాటు ఆయిలు రంగును పరీక్షింపవలెను. కొంత ఆయిలును గాజుసీసాలో తీసి వెలుగున చూడవలెను.

పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గుర్తు. ఇరుసు మునుగునంత లోతు బురదలో దమ్ము చేసిన ట్రాక్టర్లలో ఇది తరచు కనబడును. సీసాను ఒక రాత్రి కదపక ఉంచినచో నీరు చాలవరకు అడుగునకు దిగును. వేడి పెనముమీద దూరమునుండి ఒకటి రెండు చుక్కలు వేసినచో చిటపటలాడును. నీరు చేరిన ఆయిలును పూర్తిగా తీసివేయవలెను. పైన కొత్త ఆయిలు కలిపి సరిపెట్టుకొనరాదు.

నురుగు తేలుచున్నచో గాలి చేరుచున్నదని గుర్తు. నల్లబడి మాడువాసన వచ్చుచున్నచో ఆయిలు మితిమీరి కాగినదని గుర్తు. మెరయు లోహపు పొడి కనబడినచో లోపల ఏదో భాగము అరుగుచున్నది; అప్పుడు ట్రాక్టరును ఆపి మెకానిక్కుకు చూపుటయే మేలు.

ఆయిలు రకమును చేతిపుస్తకము చెప్పినట్లే వాడవలెను. మరీ చిక్కని గేరు ఆయిలు పోసినచో ఉదయపు చలిలో పంపు దానిని పీల్చలేదు. మరీ పలుచని ఆయిలు వేడెక్కినపుడు సందులగుండ జారిపోవును.

జల్లెడ, గాలి

పంపుసెట్టు ఫుట్ వాల్వుకు ఆకులు చుట్టుకొన్నచో మోటారు ఎంత తిరిగినను నీరు సన్నబడును. ఆయిలు జల్లెడ మూసికొన్నపుడును అంతే జరుగును. తీగజల్లెడను కిరసనాయిలులో గాని డీజిలులో గాని కడిగి, ఆరనిచ్చి బిగింపవలెను. గుడ్డపీలికలతో తుడువరాదు, వాని నూలుపోగులే తరువాత వాల్వులలో చిక్కుకొనును. కాగితపు ఫిల్టరు కడుగుటకు పనికిరాదు, కొత్తది వేయవలెను.

జల్లెడకును పంపుకును నడుమనున్న గొట్టపు కీళ్ళలో చిన్న సందు ఉన్నను గాలి లోనికి పోవును. ఇక్కడ ఆయిలు బయటికి కారకపోవచ్చును. పీల్చు గొట్టము గనుక గాలినే లోనికి లాగుకొనును. లిఫ్టు కుదుపులతో లేచును, పంపు గుర్రుమను చప్పుడు చేయును. తిరుగు భాగములకు దూరముగ నున్న కీళ్ళమీద ఒక్కొక్కదానికి గ్రీజు దట్టముగా పూసి చూడవలెను. ఏ కీలుమీద పూయగానే చప్పుడు మారినదో అక్కడనే లోపము కలదు.

ఎత్తుట వేరు, నిలుపుట వేరు

పై వానిలో లోపము కనబడనపుడు ఈ పరీక్ష చేయవలెను. అన్ని పరీక్షలలో ఇది ముఖ్యమైనది. బరువును ఎత్తుట పంపు పని. ఎత్తిన బరువును నిలుపుట వాల్వుల పని, పిస్టను రింగు పని. ఇంజను ఆగిన తరువాత పంపు తిరుగదు. అయినను పనిముట్టు పైననే నిలుచును గదా! కనుక ఈ రెండు పనులను విడివిడిగా పరీక్షించినచో లోపము ఏ వైపున ఉన్నదో తెలియును.

పనిముట్టును తగిలించి, ఇంజనును పనివేగమున నడుపుచు, నేలనుండి పూర్తి ఎత్తుకు ఎన్ని సెకండ్లలో లేచినదో గడియారముతో చూడవలెను. తరువాత మీటను పైననే ఉంచి ఇంజనును ఆపవలెను. క్రింది కడ్డీ చివర నేలనుండి ఎంత ఎత్తున నున్నదో దూరమునుండి కర్రతో కొలిచి, 10 నిమిషముల తరువాత మరల కొలువవలెను. ఈ సమయమున పనిముట్టు క్రిందికి గాని సమీపమునకు గాని ఎవ్వరును పోరాదు. పిల్లలను దూరముగ ఉంచవలెను.

1. నెమ్మదిగా లేచి, గట్టిగా నిలిచినచో లోపము జల్లెడ, పంపు, రిలీఫు వాల్వు వైపున కలదు. రింగు మంచిదనియే చెప్పవచ్చును.

2. చురుకుగా లేచి, ఇంజను ఆపగానే కండ్లముందే దిగిపోవుచున్నచో పంపు మంచిది. ఆయిలును నిలుపు వాల్వు క్రింద మలినము చేరియుండవచ్చును, లేదా రింగు కారుచుండవచ్చును. ఇంజను నడుచుచుండగా పనిముట్టు కొంచెము దిగి, మరల లేచి, తల ఊపుచున్నట్లున్నచో అదియు ఈ లోపమునకే గుర్తు. వ్రేలెడు దిగినంతమాత్రమున భయపడనక్కరలేదు.

3. లేచుటయు నెమ్మది, నిలుచుటయు లేనిచో పిస్టను రింగు తెగుట గాని, సిలిండరు గీతలుపడుట గాని జరిగియుండును. తోలు వాషరు అరిగిన బోరింగు పంపును ఎంత కొట్టినను నీరు రాదు గదా! ఇదియు అట్టిదే. ఇక్కడ కొత్త పంపు వేసినను ఫలితము స్వల్పమే.

4. ఆయిలు సరిగా ఉండియు అసలే లేవనిచో మళ్ళింపు పిడిని మరల చూడవలెను. అది సరిగా ఉన్నచో పంపును త్రిప్పు ఇరుసు జోడింపు విరుగుట, రిలీఫు వాల్వు తెరచుకొని ఉండిపోవుట, కంట్రోలు వాల్వు ఇరుకుకొనుట అనువానిలో ఒకటి జరిగియుండును. ఇవి మెకానిక్కు చూడవలసినవి.

వేడి, వేగము, చప్పుడు

మొదటి రకపు లోపములో జల్లెడయా, పంపా, రిలీఫు వాల్వా అని తేల్చుటకు మరి మూడు గుర్తులు కలవు.

మొదటిది వేడి. ఉదయమున బాగుగా ఎత్తి, గంటసేపు పనిచేసిన తరువాత నీరసించినచో పంపు అరిగినదని అనుమానింపవలెను. వేడెక్కిన ఆయిలు పలుచనై అరిగిన సందులగుండ వెనుకకు జారును. ఉదయమున నీరసముగ ఉండి, వేడెక్కిన తరువాత బాగుపడినచో ఆయిలు చిక్కనిదై యుండవలెను, లేదా జల్లెడ మూసికొనియుండవలెను.

రెండవది ఇంజను వేగము. ఇంజను నెమ్మదిగా నడచునపుడు లేవని బరువు, వేగము పెంచగానే లేచినచో పంపు అరిగినదనుటకు అది మరియొక సాక్ష్యము. వేగము పెంచినను లాభము లేక, చప్పుడు మాత్రము హెచ్చినచో పంపుకు ఆయిలు అందుటలేదు.

మూడవది రిలీఫు వాల్వు కూత. సామర్థ్యమునకు లోబడిన బరువును ఎత్తబోగా, బరువు లేవకుండ కీచుమను కూత వినబడినచో పంపు ఒత్తిడిని పుట్టించుచున్నదనియే అర్థము. అప్పుడు కడ్డీలు ఎక్కడైన ఇరుకుకొన్నవేమో చూడవలెను. లేనిచో రిలీఫు వాల్వు స్ప్రింగు బలము తగ్గియుండును. కూతయు లేక, బరువును లేవకున్నచో ఆయిలు చేరుటలేదు, లేదా దారిలో కారిపోవుచున్నది. కూత వినుటకు రెండు మూడు సెకండ్లు చాలును. అంతకుమించి మీటను అట్లే పట్టియుంచినచో ఆయిలు కాగిపోవును.

మెకానిక్కు వద్దకు పోవునపుడు

పై పరీక్షల ఫలితములను ఒక కాగితముమీద వ్రాసి తీసికొనిపోవలెను: ఏ పనిముట్టు, చల్లనపుడు ఎన్ని సెకండ్లు, వేడెక్కిన తరువాత ఎన్ని సెకండ్లు, 10 నిమిషములలో ఎంత దిగినది, ఏ చప్పుడు వినబడినది. "లిఫ్టు పనిచేయుటలేదు" అను ఒక్కమాటకంటె ఈ కాగితము ఎక్కువ ఉపకరించును.

పంపు మార్చవలెనని మెకానిక్కు చెప్పినచో, ముందుగా ప్రెషరు గేజి పెట్టి చూపుమని కోరవలెను. గేజి చూపిన అంకె చేతిపుస్తకములోని అంకెతో సరిపోయినచో పంపును మార్చుట తొందరపాటు. సరిపోకున్నను, మొదట రిలీఫు వాల్వును శుభ్రపరచి మరల చూడవలెను. ఇది మెకానిక్కును శంకించుట కాదు. జ్వరము చూడకుండ మందు ఇమ్మని మనము వైద్యుని అడుగము గదా!

చేయకూడని పనులు

ఎత్తియున్న పనిముట్టు క్రింద చేయి పెట్టుట గాని, పండుకొని చూచుట గాని ఎన్నడును చేయరాదు. ఒక రింగు తెగినను, ఎవరైన మీటను తాకినను అది మీద పడును. విప్పుటకు ముందు పనిముట్టును నేలకు దించవలెను. పైననే ఉంచవలసివచ్చినచో గట్టి కొయ్యదిమ్మెలమీద నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు.

రిలీఫు వాల్వు స్ప్రింగు క్రింద వాషర్లు వేసి ఒత్తిడి పెంచుట కొందరు చేయు పొరపాటు. ఆ దినమునకు బరువు లేచినట్లే యుండును. తరువాత లిఫ్టు కప్పు పగులుట, కడ్డీ వంగుట సంభవించును. వాల్వును చేతిపుస్తకములోని హద్దుకు గేజితో సరిచేయుటకు మాత్రమే మెకానిక్కుకు అనుమతి ఇయ్యవలెను.

ఒత్తిడిగల గొట్టములో సూదిమొనంత చిల్లి పడినచో దానిని చేతితో తడిమి వెదకరాదు. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను. పొరపాటున ఆయిలు చర్మములోనికి దూరినచో, గాయము చిన్నదిగా కనబడినను, నొప్పి లేకున్నను, వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఆలస్యము చేసినచో వ్రేలో చేయో పోగొట్టుకొనవలసివచ్చును.

లిఫ్టు చిరకాలము మన్నుటకు

ఆయిలు మూత విప్పుటకు ముందు చుట్టునున్న దుమ్మును తుడువవలెను. ఆయిలును శుభ్రమైన గరాటుతో, మూతగల డబ్బానుండి పోయవలెను. దమ్ము పని ముగిసిన వెంటనే ఆయిలు రంగు చూడవలెను. చేతిపుస్తకములో చెప్పిన గంటలకు ఆయిలును, ఫిల్టరును మార్చవలెను. పని ముగిసిన తరువాత పనిముట్టును నేలకు దించి ట్రాక్టరును నిలుపవలెను. రాత్రియంతయు వ్రేలాడదీసినచో రింగులకు విరామముండదు. లిఫ్టు బాగుగా ఉన్న దినముననే లేచు సెకండ్లను వ్రాసి ఉంచుకొన్నచో, తరువాత తగ్గుదల ఎంతయో ఇట్టే తెలియును.

యంత్రముల వాడకములో శిక్షణ పొందగోరు రైతులు సమీపమున గల కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపవచ్చును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

బరువు, మీటలు, ఆయిలు, జల్లెడ, ఆ తరువాత ఎత్తుట, నిలుపుట: ఈ వరుసను తప్పక పాటించినచో చాల సందర్భములలో లోపము పంపుదాక పోకమునుపే బయటపడును. ఒక పూట పరీక్షకు వెచ్చించిన రైతు అనవసరమైన ఖర్చును తప్పించుకొనుటయే గాక, అదనును కూడ దక్కించుకొనగలడు.